చెవికి కమ్మ, చేతికి లక్క

చెవికి పెట్టుకునే నగని ‘కమ్మ’ అని ఎందుకంటామో ఎప్పుడైనా ఆలోచించారా? బంగారంతో చేయించుకుంటాం, రాళ్ళు పొదిగించుకుంటాం, తులం ఇంతని లెక్క కట్టి డబ్బిస్తాం. కానీ పేరు మాత్రం తాటాకు పేరే! కమ్మ అంటే తాటి ఆకు. ఆ ఆకు మీద రాసి పంపిన ఉత్తరాన్నీ పూర్వం కమ్మ అనే అనేవారు. అదే ఆకుని చిన్న చుట్టగా చుట్టి చెవి తమ్మె రంధ్రంలో దూర్చుకుంటే అదీ కమ్మే. చుట్టిన తాటాకుకి విచ్చుకునే గుణముంది కదా, రంధ్రం పూడిపోకుండా కాస్త కాస్త పెద్దదవుతుంది. ఆకు ఎండితే తీసి పారేసి ఇంకొకటి చుట్టి పెట్టుకోవడమే. ఖర్చు లేదు, దొంగల భయమంతకన్నా లేదు.

మన ఒక్కళ్ళకే కాదు సుమండీ. అరవంలో ఓలై అన్నా, కన్నడంలో ఓలె అన్నా ఇదే కథ. అటు తాటాకూ అవుతుంది, ఇటు చెవి నగా అవుతుంది. తమిళదేశంలో ఆడిపెరుక్కు పండుగకి కాదోలై, కరుగమణి అని తాటాకు చుట్టా, నల్లపూసలూ కొని నదీమతల్లికి ఇచ్చుకుంటారు. పూజాసామాను కొట్లలో ఇవాళ్టికీ దొరుకుతాయి. అమ్మవారికి ఇచ్చేది ఇప్పటికీ తాటాకే, మనం పెట్టుకునేది బంగారం! తాటాకు చుట్ట ఆకారాన్నే కంసాలి బంగారు రేకుతో పోత పోశాడు, పేరు మార్చడం మరిచిపోయాడు కాబోలు. మన భాష ఎన్ని పాత సంగతుల్ని కొంగున ముడివేసుకుని దాచుకుంటుందో!

ఇదంతా ఇప్పుడు ఎందుకు తవ్వుతున్నానంటే, ఈమధ్య జూబిలీహిల్స్ కొట్లలో ఒక కొత్త మాట వినిపిస్తోంది. బయోమెటీరియల్ నగలట. నగల డిజైనింగ్ చదువుతున్న మా చెల్లెలి కూతురు నన్నొక రోజు అలాంటి కొట్టుకి తీసుకెళ్ళింది. అద్దాల బీరువాలో గోధుమరంగు జూకాలు. “ఏమిటే ఇవి, చెక్కా?” అన్నాను. “కాదు పెద్దమ్మా, పుట్టగొడుగు. దాని కింద తెల్లగా దారాల్లా పెరుగుతుంది చూడు, దాన్ని అచ్చులో పెంచి, ఆరబెట్టి చేశారు” అంది. ధర చూసి నేను మారు మాట్లాడలేదు. బయటికొచ్చాక ఆ పిల్లే చెప్పింది. తియ్యటి టీ కషాయంలో ఒకరకం సూక్ష్మజీవుల్ని వదిలితే పైన మీగడలా దళసరి పొర కడుతుందట. దాన్ని ఆరబెడితే తోలులాగా అవుతుందట. మనం హల్వాకి వాడే చైనా గ్రాస్‌ని గ్లిజరిన్‌తో కలిపి కాస్తే గాజుపలకలాంటి రేకు వస్తుందట. నారింజ తొక్కలూ, కాఫీ పిప్పీ, చేప పొలుసులూ దేన్నీ వదలడం లేదు ఈ కాలపు పిల్లలు. ప్లాస్టిక్ పూసలు మట్టిలో కలవవు, బంగారం తవ్వకాల్లో కొండలూ నదులూ పాడవుతున్నాయి, కనక ప్రాణమున్న వాటి నుంచి పుట్టి మళ్ళీ మట్టిలో కలిసిపోయే నగ కావాలన్నది వాళ్ళ తపన. తపన మంచిదే. కాని ‘ఇది ప్రపంచంలోనే కొత్త’ అన్నప్పుడు మాత్రం నాకు తాటికమ్మ గుర్తొచ్చింది.

ఫిల్మ్‌నగర్ పక్కనే ఇలాంటి దుకాణాలు వెలియడంలో ఒక చిత్రముంది. బరువు లేని, ఖరీదు లేని, చూడడానికి మాత్రం బంగారాన్ని తలదన్నే నగ ఎవరికి కావాలి? వేషం కట్టేవాళ్ళకి. ఈ సంగతి మొట్టమొదట కనిపెట్టింది భరతముని. నాట్యశాస్త్రంలో ఆహార్యం గురించి చెబుతూ, రంగస్థలం మీద బరువైన నగలు పెట్టవద్దంటాడు. అచ్చం బంగారం పెట్టి ఆడిస్తే నటులు అలిసిపోతారు, చెమటలు పట్టి సొమ్మసిల్లుతారు, అందుకని లక్కతో చేసి పైన పల్చని బంగారు రేకు తొడిగి ఏవో నాలుగు రాళ్ళు పెట్టిన తేలిక నగలే వాడమంటాడు. రెండువేల ఏళ్ళ నాటి ముని, నటీమణి మెడనొప్పి గురించి అంత ఆలోచించాడంటే ఆయన మీద నాకు గౌరవం రెట్టింపయింది.

మన కూచిపూడివారు ఇదే సూత్రాన్ని బూరుగు కర్రతో పాటించారు. బూరుగు చెక్క దూదిలా తేలిక. దాన్ని చెక్కి భుజకీర్తులూ, కిరీటాలూ చేసి, పైన మెరుపు రేకులూ అద్దపు ముక్కలూ అంటించేవారు. దివిటీ వెలుగులో చూస్తే సత్యభామ అచ్చంగా ద్వారక నుంచి దిగివచ్చినట్టే ఉండేది. పెళ్ళిలో మన నుదుట కట్టే బాసికం కూడా ఇలాంటిదే కదా, బెండూ దారమూ మెరుపు కాగితమూను. ఆ ఒక్కరోజు దాన్ని మించిన నగ లేదు.

సినిమా వచ్చాక కాగితపు గుజ్జు, రాగి, ఇత్తడి, గిల్టు పూత, చివరికి ప్లాస్టిక్కు వచ్చి చేరాయి. మద్రాసు నుంచి పరిశ్రమ ఇటు తరలి రావడం మొదలయ్యాక ఈ సరంజామా అంతా వెంట వచ్చింది. 1976లో అన్నపూర్ణ స్టూడియో వెలిసేనాటికి ఆ ప్రాంతమంతా రాళ్ళూ, సీతాఫలం తుప్పలూను. తర్వాత పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు వచ్చి, కొండ మీద ఫిల్మ్‌నగర్ అని ఒక ఊరే లేచింది. కొండ దిగువన కృష్ణానగర్‌లో చిన్న వేషాలు వేసేవాళ్ళు కాపురముంటారు. ఆ గల్లీల్లో దుస్తులూ నగలూ అద్దెకిచ్చే కొట్లున్నాయి. బడి వార్షికోత్సవానికి పిల్లకి రాణీ రుద్రమ వేషం కావలసి అక్కడికి పరుగెత్తిన తల్లులు మీలో చాలామందే ఉండి ఉంటారు. ఇంకో తమాషా ఏమిటంటే, ఫిల్మ్‌నగర్ కొండ అటువైపు నుంచి చూస్తే కనిపించేది గోల్కొండ. ఒకప్పుడు కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిన వజ్రాలు బేరానికొచ్చిన గోల్కొండ! అటు అసలు వజ్రాల కోట, ఇటు గిల్టు నగల కొండ, ఎదురెదురుగా.

లక్క సంగతి కొంచెం తీరిగ్గా చెప్పుకోవాలి. లక్క అంటే సీలు వేసే ఎర్రముద్ద అనుకుంటారు ఈ కాలం పిల్లలు. అది ఒక పురుగు కట్టుకునే ఇల్లు. మోదుగ, రేగు, కుసుమ చెట్ల లేత కొమ్మల మీద ఆవగింజ కన్నా చిన్న పురుగులు వేలకి వేలు వచ్చి వాలతాయి. కొమ్మలో ముక్కు గుచ్చి రసం పీలుస్తూ, ఒంటి మీద జిగురు కక్కుకుంటూ, ఆ జిగురు గూట్లోనే ఉండిపోతాయి. ఆడపురుగైతే ఇంక కదలదు. కాళ్ళు కూడా పోతాయి దానికి. ఆ గూట్లోనే బతికి, పిల్లల్ని కని, అక్కడే చనిపోతుంది. (ఇక్కడ నేనేమీ వ్యాఖ్యానించను. మీరు నవ్వుకుంటే నా పూచీ లేదు.) కొమ్మల మీద పేరుకున్న ఆ జిగురుని గీకి, కడిగి, కరిగిస్తే లక్క. కిలో లక్క కావాలంటే లక్షల పురుగుల కష్టం కావాలి. కడిగినప్పుడు దిగే ఎర్రరంగే మన పాత పెళ్ళిళ్ళలో పెళ్ళికూతురి పాదాలకి పెట్టిన లత్తుక. ఇప్పుడు సీసాల్లో అమ్మే పారాణిలో ఆ పురుగు ఊసే లేదు.

భారతంలో లక్కఇల్లు కథ అందరికీ తెలుసు. వేడికి కరుగుతుంది, నిప్పంటుకుంటే భగ్గున మండుతుంది. దుర్యోధనుడి మంత్రి పురోచనుడికి తెలిసిన ఈ గుణమే గాజుల పనివాడికి అన్నం పెట్టింది. చార్మినార్ పక్కన లాడ్ బజారులో అమ్మే లక్క గాజులు అలా నిప్పు మీద పుట్టినవే. లక్కని బొగ్గుల సెగ మీద మెత్తబరిచి, రంగు కలిపి, కడ్డీలా సాగదీసి, లోహపు కడియం చుట్టూ చుడతారు. అది ఆరకముందే చిమటాతో ఒక్కొక్క రాయీ పట్టి అతికిస్తారు. వేడి తగ్గితే రాయి దిగదు, ఎక్కువైతే గాజు వంకర పోతుంది. ఎండాకాలంలో బొగ్గుల కుంపటి ముందు కూర్చుని గంటల తరబడి చేసే పని. ఇందులో రాళ్ళు అతికేవాళ్ళు చాలామంది ఆడవాళ్ళే, ఇళ్ళ దగ్గర చేస్తారు. డజను గాజులకి మనం కొట్లో ఇచ్చేదెంత, రాళ్ళు అతికించిన చేతికి ముట్టేదెంత అన్నది ఎవరైనా అడిగితే బాగుండును. 2024లో హైదరాబాద్ లక్క గాజులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే ఇంకో ఊళ్ళో చేసినవాటిని ఆ పేరుతో అమ్మకూడదన్నమాట. మంచిదే. కానీ లక్క పేరు చెప్పి ప్లాస్టిక్ రెసిన్ గాజులు అమ్మేవాళ్ళ జోరు తగ్గితే తప్ప ఆ కాగితం వల్ల కుంపటి ముందు కూర్చున్నావిడకి ఒరిగేదేమీ లేదు.

లక్క మన బంగారంలోనూ ఉంది. అమ్మమ్మల నాటి గుండ్లపేరు ఉంటే చూడండి. గుండ్లు బోలుగా చేసి, నొక్కుకుపోకుండా లోపల లక్క నింపేవారు. అమ్మబోతే కంసాలి ముందు ‘లక్క తరుగు’ తీసేస్తాడు. ఆ మాట విన్నప్పుడల్లా ఇంట్లో ఆడవాళ్ళ మొహాలు వాడిపోయేవి. ఇంతకాలం బంగారమనుకుని మోసినదాంట్లో పురుగు గూడెంతో అప్పుడే తేలేది మరి! ఇక ఆ బంగారాన్ని తూచింది దేనితో? గురివింద గింజలతో. తన కింద నలుపు తానెరగదని మనం ఆడిపోసుకునే ఆ గింజే ఊరందరి బంగారానికీ తూనికరాయి. ఎర్రగా ముద్దుగా ఉందని ఈమధ్య దాన్నీ దండలు గుచ్చి అమ్ముతున్నారు. పిల్లలున్న ఇంట్లో మాత్రం వద్దు. పైపెంకు గట్టిది కనక మింగినా ఒక్కోసారి ఏమీ కాకపోవచ్చు గానీ, బెజ్జం పెట్టిన గింజలో విషం బయటపడే దారి ఉంటుంది. అది సామాన్యమైన విషం కాదు.

ఆ పురుగు గొంతు కూడా విన్నాం మనం. పాత గ్రామఫోను ప్లేట్లు నిమిషానికి 78 సార్లు తిరిగేవి, చెయ్యి జారితే పెంకుల్లా పగిలేవి గుర్తున్నాయా? అవి లక్కతో పోసినవే. లక్కలో రాతిపొడి కలిపి ముద్ద చేసి అచ్చు ఒత్తేవారు. 1908 నాటికే కలకత్తాలో గ్రామఫోను కంపెనీవారి కర్మాగారం వెలిసింది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో మన దేశం నుంచి లక్క సరిగ్గా అందక, అమెరికాలో కొత్త పాటలకోసం పాత ప్లేట్లు జనం దగ్గర వెనక్కి తీసుకున్నారు, పాత చీరకి స్టీలు గిన్నె ఇచ్చినట్టు! లక్కకి అంత గిరాకీ ఉంది కనకే రాంచీ దగ్గర నామ్‌కుమ్‌లో 1924లో దానికోసం ఒక పరిశోధనాలయం పెట్టారు. వినైల్ ప్లేట్లు వచ్చాక లక్క మళ్ళీ గాజుల దగ్గరికీ, సీళ్ళ దగ్గరికీ వచ్చి చేరింది. మీ పుట్టింట్లో అటక మీద పాత ప్లేటేదైనా ఉంటే ఒకసారి చేత్తో పట్టుకుని చూడండి. పాటా, గాజూ ఒకే కొమ్మ మీద కాసినవి.

ఇక అసలు సినిమా ఫిలిం. దీని కథ వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. అమెరికాలో బిలియర్డు బంతుల్ని ఏనుగు దంతంతో చేసేవారు. దంతానికి కరువొస్తుందని భయపడి, బదులు వస్తువు కనిపెట్టినవారికి బహుమతి ప్రకటించారు. జాన్ హయట్ అనే అచ్చుపనివాడు ప్రయోగాలు చేసి, ఆమ్లంలో నానబెట్టిన దూదిని కర్పూరంతో కలిపి వేడిచేసి ఒక గట్టి పదార్థం తయారు చేశాడు. 1870లో దానికి పేటెంటు పుచ్చుకున్నారు. అదే సెల్యులాయిడ్. బంతుల మాటెలా ఉన్నా, దంతపు దువ్వెనలూ, తాబేటి చిప్ప జడపిన్నులూ, కడియాలూ కొనలేని మధ్యతరగతి ఆడవాళ్ళకి ఇది వరమైంది. చూడడానికి దంతమే, ధర అణాల్లో. ఆ రోజుల బయోమెటీరియల్ నగ అంటే ఇదే. 1889లో ఈస్ట్‌మన్ కంపెనీ అదే పదార్థాన్ని పల్చని పట్టీగా చేసి బొమ్మలు తీయడానికి అమ్మింది. ఆ పట్టీ మీద వెండి లవణాలు నిలబడడానికి పూసిన జిగురు పశువుల ఎముకలూ తోళ్ళూ ఉడకబెట్టి తీసిన జెలటిన్.

అంటే ఏమిటన్నమాట? దూది, కర్పూరం, ఎముకల జిగురు, వెండి. వీటితో అయింది సినిమా. హారతిపళ్ళెంలో సామానులాగా లేదూ? కర్పూరంలాగే మండేది కూడా. నైట్రేట్ ఫిలింకి నిప్పంటుకుంటే నీళ్ళలో ముంచినా ఆరదు. ఎన్నో థియేటర్లూ, గోదాములూ అలా తగలబడ్డాయి. 1950ల మొదట్లో దాన్ని తయారు చేయడం మానేసి, అంత సులువుగా మండని రకానికి మారారు. అయినా మిగిలి ఉన్న పాత రీళ్ళ భయం పోలేదు. 2003లో పుణెలో మంటలు లేచి, భద్రపరచిన పాత నైట్రేట్ సినిమాలు ఎన్నో బూడిదయ్యాయి.

నిప్పుకి పోయినవి కొన్నయితే, వెండికి పోయినవి మరెన్నో. నలుపు తెలుపు ఫిలిం మీద కనిపించే నలుపంతా వెండే. ఆడి పాతబడిన సినిమా ఇంక ఎవరు చూస్తారనుకుని, రీళ్ళు తూకానికి అమ్మేసేవారు. కొన్నవాళ్ళు కడిగి వెండి తీసుకునేవారు. మిగిలిన రేకు? అది గాజులకీ, ఆడవాళ్ళ చేతిసంచులకీ వెళ్ళిపోయేది. ఫిలిం ఆర్కైవ్‌ని స్థాపించి జీవితమంతా పాత సినిమాలు వెతికిన పి.కె.నాయర్ గారి మీద 2012లో ‘సెల్యులాయిడ్ మేన్’ అని ఒక డాక్యుమెంటరీ వచ్చింది. మన దేశపు మొదటి టాకీ, 1931 నాటి ‘ఆలం ఆరా’ ఏమైందని ఆరా తీస్తే, రీళ్ళలోంచి వెండి తీసేశామని ఆ ఇంటివాళ్ళే చెప్పారట ఆయనతో. ఆ సినిమాలో మన ఎల్.వి.ప్రసాద్ గారు ఒక చిన్న వేషం వేశారు. బంజారాహిల్స్‌లో ఆయన పేరుమీద కంటి ఆసుపత్రి ఉంది, ఎందరికో చూపు ఇస్తుంది. ఆయన వేసిన ఆ వేషం మాత్రం ఎవరి కంటికీ కనబడే యోగం లేదు. ఏ అమ్మాయి చేతికి ఏ సినిమా గాజుగా చుట్టుకుని, పగిలి, ఏ పెంటకుప్పలో కలిసిందో! వస్తువు మళ్ళీ మళ్ళీ వాడుకలోకి రావాలి, దేన్నీ వృథా చేయకూడదు అని ఇప్పుడు చెబుతున్నారు కదా. ఇదీ అదే. ఒక్కోసారి వృథాగా అటక మీద పడి ఉండడమే మేలు.

పాలతో చేసిన నగలు కూడా ఉండేవి. ఏనుగు దంతానికి బదులు కోసం వెతుకులాట సాగుతుండగానే, పందొమ్మిదో శతాబ్దం చివర్లో జర్మనీవాళ్ళు విరిగిన పాలలోని కేసీన్‌ని గట్టిపరిచి గేలలిత్ అనే వస్తువు చేశారు. గ్రీకు మాటల్లో ‘పాలరాయి’ అని దానర్థం. పాలరాయి అంటే మనం తాజ్‌మహల్ అనుకుంటాం, వాళ్ళకి అక్షరాలా పాలతో చేసిన రాయి! 1920లలో ఐరోపాలో గుండీలూ, గాజులూ, పూసలూ దీనితో కుప్పలు తెప్పలుగా చేశారు. మీకు సరదాగా ఉంటే వంటింట్లో చేసి చూడవచ్చు. గ్లాసుడు పాలు వేడిచేసి, రెండు చెంచాలు వెనిగర్ పోసి విరగ్గొట్టండి. ముద్దని గుడ్డలో గట్టిగా పిండి, పల్చగా అద్ది, బెజ్జం పెట్టి నీడలో నాలుగైదు రోజులు ఆరనివ్వండి. గట్టి పూస వస్తుంది. కొంచెం కుంచించుకుంటుంది, ఒక్కోసారి పగులుతుంది, చెమట తగిలితే మెత్తబడుతుంది. ఫ్యాక్టరీల్లో అలా మెత్తబడకుండా ఏం చేసేవారో తెలుసా? ఫార్మాల్డిహైడ్‌లో వారాల తరబడి నానబెట్టేవారు. మెడికల్ కాలేజీల్లో శవాలు చెడకుండా వాడే ఫార్మలిన్ ఉందే, దాని అసలు సరుకు. పాల నగ అనగానే మనసుకి చల్లగా ఉంటుంది. తయారీ దగ్గర నిలబడ్డవాడి ముక్కునీ కళ్ళనీ అడిగితే తెలుస్తుంది.

అందుకే, ప్రాణమున్నదాని నుంచి వచ్చింది కనక మంచిదే అన్న మాట నాకు రుచించదు. ఏనుగు దంతమూ అలా వచ్చిందే. పసిపిల్లలకి దిష్టి తగలకుండా మెడలో కట్టిన పులిగోరూ అలా వచ్చిందే. ఒక్కో గోరు వెనక ఒక్కో పులి ఉంది మరి. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది, 1986లో మన దేశపు ఏనుగు దంతం అమ్మకాలూ ఆపేశారు. దంతానికి బదులుగా హయట్ చేసిన సెల్యులాయిడ్ ఏనుగులకి మేలు చేసినా, దానికి కావలసిన కర్పూరం కోసం తైవాన్ దీవిలో పెద్ద పెద్ద కర్పూర వృక్షాల్ని నరికారు. ఒకదాన్ని కాపాడబోతే ఇంకొకటి కూలుతుంది. లక్క తీసినా పురుగులు చస్తాయి, కాదనను. కాని లక్క కావాలంటే చెట్టుని బతికించుకోవాలి, దాని మీద మళ్ళీ పురుగు పెట్టాలి. ఆ తేడా చిన్నది కాదు.

శకుంతలని తలుచుకోకుండా ఈ సంగతి ముగించలేను. కాళిదాసు శకుంతలకి నగలేమిటి? చెవిలో దిరిసెన పువ్వు, చేతికి తామరతూటి కంకణం. రాజుగారు ఆమె బొమ్మ గీస్తూ, చెవిన దిరిసెన పెట్టలేదు, గుండెల మీద తామరతూటి దారం వేయలేదు, ఇంకా గీయాలి అని బాధపడతాడు. ముత్యాల హారం గీయలేదని కాదు! 2023లో ఇక్కడివాళ్ళే ‘శాకుంతలం’ సినిమా తీశారు. అందులో తారల కోసం సుమారు 14 కోట్ల రూపాయల అసలు బంగారు, వజ్రాల నగలు చేయించామని వాళ్ళే ప్రచారం చేసుకున్నారు. భరతముని వింటే ఏమనేవాడో! తెర మీద కనిపించేది మెరుపే, బరువు కాదు. బరువు పోస్టరు కోసం.

దీనికి పూర్తి ఎదురుగా నిలబడిన ఊరు ఏటికొప్పాక. అనకాపల్లి జిల్లాలో వరాహ నది పక్కన ఉంది. అంకుడు కర్రని తరిణె మీద గిరగిర తిప్పుతూ లక్క కడ్డీ ఆనిస్తే, రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. బొమ్మలకి పేరు గానీ, గాజులూ, పూసలూ, జూకాలూ కూడా చేస్తారు. మధ్యలో రసాయనపు రంగులు వచ్చి పడ్డాయి, చవక, పని తొందర. పిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మలకి ఆ రంగులేమిటని ఆలోచించి, సి.వి.రాజు గారు పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలు, లక్కరంగు ఇలాంటి వాటితో ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేశారు. చెట్టు రంగు పట్టుకోవడం తేలిక కాదు. చీరకి పట్టిన రంగు లక్కకి పట్టదు. ఒక కాపు రంగు ఇంకో కాపుకి రాదు. అదే రంగు ఇంకో వంద కావాలని కొట్టువాడు అడిగితే తల గోక్కోవాలి. అలాంటి పనిని ఊరి పనివాళ్ళ చేతికి అలవాటు చేశారాయన. 2017లో ఏటికొప్పాక బొమ్మలకి భౌగోళిక గుర్తింపు, 2023లో రాజు గారికి పద్మశ్రీ వచ్చాయి. 2025 జనవరి 26న ఢిల్లీ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఈ బొమ్మలే నిలబడ్డాయి. ఈ ఊరి గాజు జత వందల్లోనే దొరుకుతుంది. జూబిలీహిల్స్ పుట్టగొడుగు జూకాల ధర మాత్రం ఇక్కడ రాయను, ఇంట్లో మగవాళ్ళు కూడా ఈ పేజీ చదువుతారు.

మా చెల్లెలి కూతురితో ఒక విషయంలో మాత్రం నాకు పేచీ. “బంగారం ఎందుకు పెద్దమ్మా, బరువు, పాపం, బీరువా తాళాలు” అంటుంది. దానికి ఉద్యోగముంది, పేరు మీద బ్యాంకు ఖాతా ఉంది. అనగలదు. మా అమ్మ తరంలో ఆడదానికి తనదని చెప్పుకోను ఉన్న ఆస్తి ఒంటి మీదదే. పొలంలో వాటా లేదు, ఇంటిలో వాటా లేదు. వెండితెర మీద కిరీటాలు పెట్టి పెట్టి ముఖ్యమంత్రి అయిన రామారావు గారి ప్రభుత్వం మన రాష్ట్రంలో ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకి సమాన హక్కు ఇచ్చింది. 1985 సెప్టెంబరు నుంచి వర్తించింది. అదీ అప్పటికి పెళ్ళి కానివాళ్ళకే. దేశమంతటికీ ఆ చట్టం రావడానికి 2005 దాకా పట్టింది. అంతవరకూ మెడలో గొలుసే ఆవిడ పొలం, చేతి గాజులే ఆవిడ ఖాతా. కాన్పుకి, కొడుకు ఫీజుకి, మొగుడి జబ్బుకి తాకట్టుకి వెళ్ళింది అదే. పుట్టగొడుగు జూకాలు ఎంత అందమైనవైనా సేటు తాకట్టు పట్టడు.

పుస్తెలు కూడా తాకట్టుకి వెళ్ళే రోజు వచ్చేది కొన్ని ఇళ్ళల్లో. మెడ బోసిగా ఉండకూడదు కనక ఆవిడ ఏం చేసేది? వంటింట్లోకి వెళ్ళి పసుపు డబ్బాలోంచి మంచి కొమ్ము ఒకటి ఏరి, దారానికి కట్టి మెడలో వేసుకునేది. పైన కొంగు నిండుగా కప్పుకుని నీళ్ళకి వెళ్ళేది. పక్కింటావిడకి తెలిసినా అడిగేది కాదు. కొమ్ము నలిగితే ఇంకొకటి మార్చుకునేది. కొందరికి పంట చేతికొచ్చి రెండు నెలల్లో పుస్తెలు తిరిగొచ్చేవి. కొందరికి ఆ పసుపుకొమ్ము అలాగే ఏళ్ళు గడిచిపోయేవి.